మూడో ఫేజు పోయిన రాత్రి

బళ్ళో కరెంటు పాఠం నాకు ఒక్క మార్కు కూడా తేలేదు.
నేను దాన్ని నేర్చుకున్నది కందుకూరులో,
పామూరు రోడ్డు పక్కన
హజరత్తయ్య మేస్త్రి వైండింగు షాపులో,
కాలిన వార్నిషు వాసన
అన్నంలోకి కూడా దిగిన ఆ ఏడాది.

మొదటి రోజే అడిగాను:
బల్బు తినగా మిగిలిన కరెంటు యాడికి పోద్ది మేస్త్రీ?
నవ్వలేదు. క్లాంపు మీటరు చేతికిచ్చి
పోయే తీగెకి పెట్టమన్నాడు.
సున్నా పాయింటు నాలుగు.
వచ్చే తీగెకి పెట్టమన్నాడు.
సున్నా పాయింటు నాలుగు.
"కరెంటును ఎవురూ తినరు మే.
పొగాకు కూలికి పొద్దున ఎంతమంది పోతారో
మాపటికి అంతమందీ తిరిగొస్తారు.
తరిగేది మనుషులు కాదు,
వొంట్లో సత్తువ."

ఇంకో రోజు:
స్విచ్చి ఈడ వేస్తే సందు చివర లైటు అప్పుడే వెలుగుద్దే,
అంత ఉరుకుద్దా అది?
నత్త కూడా దాన్ని దాటిపోద్దన్నాడు.
"పెళ్ళిళ్ళ రోజుల్లో ఒంగోలు బస్సు చూళ్ళా?
ఎనక ఒకడు ఎక్కితే
ముందు డోరులోంచి ఒకడు ఊడిపడతాడు.
ఎక్కినోడే దిగినోడా?
తీగె ఎప్పుడూ నిండుగానే ఉంటది.
ఉరికేది తోపు.
మన వీధి కరెంటుకి ఆ నత్తనడక కూడా లేదు,
నిలబడ్డ చోటే
సెకనుకి యాభై మాట్లు ఊగుద్ది. అంతే."
ఆ ఊగుడుకే బోర్లలో నీళ్ళు పైకొస్తున్నాయని
నమ్మడానికి నాకు వారం పట్టింది.

తర్వాత కరేడు దగ్గర
చెంచురెడ్డి రొయ్యల గుంటల్లో మోటార్ల పని.
ఎనిమిది ఏరియేటర్లు, రాత్రంతా నీళ్ళను చిలుకుతూ.
ఆ చప్పుడు ఉంటేనే నిద్రపట్టేది మాకు.

రెండు గంటలప్పుడు చప్పుడు ఆగలేదు,
మారింది.
గొంతులో ముద్ద అడ్డుపడ్డ మనిషిలాగా
ఒక మూలుగు.
"షెడ్డులో లైటు వెలుగుతానే ఉంది గదక్కా,
కరెంటు యాడికి పోయిందీ?" అన్నాడు మాల్యాద్రి.
లైటుకి ఒక ఫేజు చాలు.
మోటారుకి మూడూ కావాలి.
మూడిట్లో ఒకటి స్తంభం మీదే ఆగిపోతే
మిగిలిన రెండూ ఊరుకోవు,
మూడోదాని బరువు కూడా నెత్తికెత్తుకుని
పళ్ళబిగువున లాగుతాయి.

మాటిమాటికీ ట్రిప్పవుతోందని
ప్రివెంటరును పక్కకి తప్పించి
తీగెముక్కతో కలిపేసింది చెంచురెడ్డే.

నడపనిస్తే మోటార్లు కాలతాయి.
ఆపితే రొయ్యలు.
అప్పటికే టార్చి వెలుగులో
నీళ్ళమీద మీసాలు, ఇన్ని మీసాలు,
గాలికోసం.
మెయిను కిందకి లాగాను.
అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.
సముద్రం అంత దగ్గరుందని అప్పుడే తెలిసింది.

జనరేటరు మూడింటిని లాగింది, డీజిలు ఉన్నంతసేపు.
లైన్‌మాన్ పెంచలయ్య ఉలవపాడు నుంచి
టీవీఎస్ మీద వచ్చి, ఫ్యూజు కట్టి,
"వెంట్రుకంత తీగె, చూడు" అని
ఆ కాలిన ముక్కను నా అరచేతిలో పెట్టాడు.
తెల్లారి గట్టుమీద తూకం వేసిన నష్టం గురించి
చెప్పను. చెంచురెడ్డి చాలా చెప్పాడు.

కాలిన రెండు మోటార్లను
ఆటోలో వేసుకుని కందుకూరు వచ్చాను.
మేస్త్రి మూత విప్పాడు.
మూడు గుంపుల చుట్లలో
రెండు, బొగ్గు.
మూడోది కొత్త రాగి,
పెళ్ళికూతురి చెవిపోగులాగా మెరుస్తూ.
"ఇదే గదా మేస్త్రీ పని ఎగ్గొట్టింది?"
చాలాసేపు దాన్ని వేలితో నిమిరాడు.
"దానికి అందలేదు మే. ఎగ్గొట్టలా.
బాగుండేదాన్ని చూసి తప్పు దాందే అనబాకు."

మరి మూడూ సరిగ్గా ఉంటే?
"మూడూ సమానంగా లాగితే
న్యూట్రల్‌లో చెయ్యి పెట్టి చూసినా ఏమీ ఉండదు.
సున్నా.
అంత పని జరగతా ఉంటే, సున్నా."
ఆగి, "చెయ్యి మాత్రం పెట్టబాకు,
సమానంగా లాగే ఊరు నేనింకా చూళ్ళా" అన్నాడు.

మంచి చుట్లు కూడా కోసెయ్యాల్సిందే,
పాతా కొత్తా కలవదు.
మాట్లాడకుండా చుడుతున్నాను.
అరవై రెండు. అరవై మూడు.
బయట ఎవరో బండాపి అడిగారు,
మేస్త్రీ, మీకు కరెంటుందా?
అరవై... 
మళ్ళీ ఒకటి నుంచి.